ఓటింగ్ వ్యవస్థపై విదేశీ సైబర్ దాడులు: ఉత్తర తెలంగాణ ఓటర్లు తరచుగా అడిగే ప్రశ్నలు

ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయునిగా పనిచేసిన కాలంలో నేను పలుమార్లు ప్రిసైడింగ్ అధికారిగా ఎన్నికల విధులకు వెళ్ళాను. పదవీ విరమణ తరువాత హనుమకొండలో స్థిరపడ్డాను గానీ, ఎన్నికల ప్రకటన వెలువడిన ప్రతిసారీ పొద్దుటి నడకలోనూ, పెళ్ళి పందిళ్ళలోనూ, కుటుంబ వాట్సాప్ గ్రూపుల్లోనూ అవే సందేహాలు నన్ను వెతుక్కుంటూ వస్తున్నాయి. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే ఓపిక తగ్గినందువల్ల వాటిని అడిగినవారి మాటల్లోనే ఇక్కడ కూర్చాను.

## మొదటి దశ: ఓటరు జాబితా, నమోదు

అసలు విదేశాలవాళ్ళకు మన ఎన్నికలతో ఏం పని సార్? దాడి అంటే ఏం చేస్తారు?

దాడి అనగానే ఓట్ల సంఖ్యలు మార్చడమే అందరికీ గుర్తుకు వస్తుంది. ఇతర దేశాల అనుభవం చూస్తే దాడి చేసినవారు ఎక్కువగా ఎంచుకున్నవి వేరే: ఓటరు జాబితాలు, ఎన్నికల సంఘాల వెబ్‌సైట్లు, పార్టీల ఈమెయిళ్ళు, సిబ్బంది ఫోన్లు. 2016లో అమెరికాలో రష్యా సైనిక గూఢచార సంస్థ డెమోక్రటిక్ పార్టీ ఈమెయిళ్ళను దొంగిలించి బయటపెట్టిందని, ఇల్లినాయ్ రాష్ట్ర ఓటరు నమోదు వ్యవస్థలోకి చొరబడి లక్షల మంది వివరాలు తీసుకుందని అక్కడి దర్యాప్తులో తేలింది. 2018 జూలైలో ఆ సంస్థకు చెందిన 12 మంది అధికారులపై అభియోగాలు నమోదయ్యాయి. ఓట్ల లెక్క మారినట్లు మాత్రం ఎక్కడా ఆధారం దొరకలేదు. అయినా దాడి చేసినవారి పని చాలావరకు నెరవేరిందనే నేను అనుకుంటాను, ఎందుకంటే ఓడినవాడు ఓటమిని నమ్మకుండా చేయగలిగితే పెట్టె తెరవనవసరమే లేదు.

కంప్యూటర్లోకి చొరబడి జాబితాలోంచి నా పేరు తీసేస్తే నేను ఓటు వేయలేనా?

యంత్రం కంటే ఎక్కువగా ఆలోచించవలసిన ప్రశ్న ఇది. ఓటరు జాబితా కంప్యూటర్లలో ఉంటుంది, దరఖాస్తులు ఆన్‌లైన్‌లో వస్తాయి కనుక బయటి నుంచి చేయి పెట్టడానికి దారి ఇక్కడే ఉంది. 2023 కర్ణాటక శాసనసభ ఎన్నికలకు ముందు ఆళంద్ నియోజకవర్గంలో పేర్ల తొలగింపు కోరుతూ ఆన్‌లైన్‌లో 6,018 దరఖాస్తులు వచ్చాయి. క్షేత్రస్థాయిలో విచారిస్తే వాటిలో 24 మాత్రమే సరైనవని తేలింది. మిగిలినవాటిని తిరస్కరించి పోలీసు కేసు పెట్టారు. అది విదేశీయుల పని అని ఎవరూ తేల్చలేదు, నేనూ అనడం లేదు. కానీ దరఖాస్తు ఎక్కడి నుంచైనా పెట్టవచ్చు, ఇంటికి వచ్చి విచారించే మనిషి మాత్రం ఊళ్ళోనే ఉండాలి. దాడిని ఆపింది ఆ రెండో సంగతే.

తొలగింపు కోరే ఫారం 7 వచ్చినంత మాత్రాన పేరు పోదు. బూత్ స్థాయి అధికారి, అంటే మనం బీఎల్‌వో అని పిలిచే అంగన్‌వాడీ టీచరో, పంచాయతీ ఉద్యోగో విచారించాలి, ఓటరుకు నోటీసు ఇవ్వాలి. ఓటరు వైపు నుంచి చేయవలసినది ఒకటే: ముసాయిదా జాబితా వెలువడినప్పుడు ఒకసారి, నామినేషన్ల గడువుకు కనీసం పది రోజుల ముందు మరోసారి పేరు చూసుకోవడం. ఆ గడువు దాటాక చేర్పులకు వీలుండదు. 2018 డిసెంబరు 7న మన శాసనసభ ఎన్నికల రోజు బూత్‌కు వెళ్ళి పేరు లేదని వెనక్కి వచ్చినవారు రాష్ట్రమంతటా ఉన్నారు, ఏ హ్యాకరూ లేకుండానే.

ఓటరు జాబితా ఎలాగూ అందరికీ దొరుకుతుంది కదా, దాన్ని దొంగిలిస్తే వచ్చే నష్టమేంటి?

బయటకు ఇచ్చే జాబితాలో పేరు, తండ్రి లేదా భర్త పేరు, ఇంటి నంబరు, వయసు ఉంటాయి. లోపలి వ్యవస్థలో ఫోన్ నంబర్ల వంటివి అదనంగా ఉంటాయి. బ్రిటన్ ఎన్నికల సంఘం కంప్యూటర్లలోకి 2021 ఆగస్టులో చొరబాటు జరిగితే 2022 అక్టోబరు దాకా ఎవరూ గుర్తించలేదు. సుమారు 4 కోట్ల మంది ఓటర్ల వివరాలు ఇతరులకు అందుబాటులోకి వెళ్ళాయి. 2024 మార్చిలో బ్రిటన్ ప్రభుత్వం దాన్ని చైనా ప్రభుత్వంతో సంబంధమున్నవారి పనిగా పేర్కొంది. అటువంటి వివరాలు చేతికి వస్తే ఏ వీధివారికి ఏ అబద్ధం పంపాలో లెక్క వేసుకోవడం తేలిక.

దుబాయిలో ఉన్న మా తమ్మునికి ‘ఆన్‌లైన్‌లో ఓటు వేయండి’ అని లింకు వచ్చింది. నిజమేనా?

నిజం కాదు, ఆ లింకు తెరవవద్దని ఈరోజే చెప్పండి. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ ప్రాంతాల నుంచి గల్ఫ్ వెళ్ళినవారు ఇంటింటా ఉన్నారు కనుక ఈ మోసానికి మన దగ్గర గిరాకీ ఎక్కువ. భారత పౌరసత్వం ఉండి విదేశంలో నివసిస్తున్నవారు ఫారం 6ఏ ద్వారా ఓటరుగా నమోదు కావచ్చు గానీ, ఓటు వేయాలంటే పాస్‌పోర్టుతో సొంత ఊరి పోలింగ్ కేంద్రానికి స్వయంగా రావలసిందే. సైనికుల వంటి సర్వీసు ఓటర్లకు మాత్రం పోస్టల్ బ్యాలెట్‌ను ఎలక్ట్రానిక్ పద్ధతిలో పంపుతారు. వారు దాన్ని ముద్రించుకుని, గుర్తు పెట్టి, కవరులో తపాలా ద్వారానే తిప్పి పంపాలి. ఓటు ఇంటర్‌నెట్ మీదుగా తిరిగి రాదు.

ఖమ్మంలో ఫోన్ ద్వారా ఓటు ప్రయోగం చేశారు కదా, అదెందుకు మాకు రాలేదు?

2021 అక్టోబరులో రాష్ట్ర ఎన్నికల సంఘం ఖమ్మంలో స్మార్ట్‌ఫోన్ ద్వారా నమూనా ఓటింగ్ నిర్వహించింది. అది అసలు ఎన్నిక కాదు. ఎస్టోనియా 2005 నుంచి ఇంటర్‌నెట్ ఓటింగును నడుపుతున్న మాట నిజమే, కానీ ఆ దేశమంతా కలిపినా మన హైదరాబాదు నగరమంత జనాభా లేదు. పైగా ప్రతి పౌరునికీ డిజిటల్ సంతకం చేయగల చిప్ కార్డు ఉంది. సగం మంది ఫోన్లలో తెలియని యాప్‌లు తిరుగుతున్న చోట ఫోనునే బ్యాలెట్ పెట్టెగా చేయడం తొందరపాటు అవుతుందని నా అభిప్రాయం.

## రెండో దశ: యంత్రాలను సిద్ధం చేయడం

మా బూత్‌లోని ఈవీఎంని చైనాలో కూర్చుని హ్యాక్ చేయొచ్చా?

దూరం నుంచి చేయడానికి దారి లేదు. ఈవీఎంలో మూడు భాగాలు ఉంటాయి: అధికారి దగ్గర ఉండే కంట్రోల్ యూనిట్, ఓటరు నొక్కే బ్యాలెట్ యూనిట్, చీటీ ముద్రించే వీవీప్యాట్. ఈ మూడింటినీ తీగలతో ఒకదానికొకటి కలుపుతారు, బయటి ఏ నెట్‌వర్కుకూ కలపరు. వైఫై, బ్లూటూత్, సిమ్ కార్డు ఏవీ ఉండవు. కరెంటు తీగ కూడా అక్కర్లేకుండా సొంత బ్యాటరీతో నడుస్తుంది. విదేశంలో ఉన్నవాడు యంత్రాన్ని తాకాలంటే ముందు ఇక్కడ ఒక మనిషిని పెట్టుకోవాలి, ఆ మనిషి తాళాలు, సీళ్ళు, కాపలా, పార్టీల ఏజెంట్లు అన్నింటినీ దాటాలి, అదీ ఒక్కొక్క యంత్రం దగ్గర విడివిడిగా. కాబట్టి యంత్రం విషయంలో సైబర్ భద్రత అంటే చివరికి తాళం చెవులు, సంతకాల భద్రతే.

చిప్‌లు విదేశాల నుంచే వస్తాయి కదా? తయారీలోనే ఏదైనా పెట్టి పంపితే?

ఇది తేలికగా కొట్టిపారేయవలసిన ప్రశ్న కాదు. యంత్రాలను హైదరాబాదులోని ఈసీఐఎల్, బెంగళూరులోని బీఈఎల్ అనే రెండు ప్రభుత్వ రంగ సంస్థలు తయారు చేస్తాయి, ప్రోగ్రామ్ రాసేదీ అవే. లోపలి చిప్‌లు మాత్రం బయట కొన్నవే. ఆ ప్రోగ్రామ్‌ను ఒకసారి ఎక్కించాక మార్చడానికి వీలుండదని ఎన్నికల సంఘం చెబుతుంది. అయితే దానికంటే గట్టి రక్షణ మరొకటి ఉంది: ఏ మీట ఏ పార్టీదో తయారీ నాటికి ఎవరికీ తెలియదు.

బ్యాలెట్ మీద పేర్ల వరుస నామినేషన్ల ఉపసంహరణ గడువు ముగిశాకే ఖరారవుతుంది. మొదట గుర్తింపు పొందిన పార్టీల అభ్యర్థులు, తరువాత నమోదైన ఇతర పార్టీలవారు, చివర స్వతంత్రులు, ప్రతి వర్గంలోనూ అక్షర క్రమంలో ఉంటారు. అభ్యర్థి పేరు మారితే వరుస మారుతుంది. 2019 లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాద్‌ను గుర్తు తెచ్చుకోండి. పసుపు బోర్డు కోసం 178 మంది రైతులు నామినేషన్లు వేసి నిలిచారు, మొత్తం అభ్యర్థులు 185 మంది అయ్యారు. ఒక బ్యాలెట్ యూనిట్‌లో 16 పేర్లే పడతాయి కనుక నోటాతో కలిపి 186 పేర్లకు 12 యూనిట్లు వరుసగా పేర్చవలసి వచ్చింది. ఆర్మూరు పసుపు రైతు నామినేషన్ వేస్తాడని ఏ విదేశీ చిప్ తయారీదారు ముందే ఊహించగలడు? దానికి తోడు ఏ యంత్రం ఏ నియోజకవర్గానికి, ఆపైన ఏ బూత్‌కు వెళ్తుందో కంప్యూటర్ లాటరీ పద్ధతిలో రెండు దశల్లో తేలుస్తారు.

మరి 2010లో హైదరాబాదు ఇంజినీరు ఈవీఎంని హ్యాక్ చేసి చూపించాడు కదా?

చూపించారు, దాచవలసిన విషయం కాదు. ఆ ఇంజినీరు హరిప్రసాద్, మిషిగన్ విశ్వవిద్యాలయానికి చెందిన అలెక్స్ హాల్డర్‌మన్, నెదర్లాండ్స్‌కు చెందిన రాప్ గాంగ్రైప్ మరికొందరితో కలిసి ఒక అసలు యంత్రాన్ని పరిశీలించారు. ఫలితం చూపే తెర భాగాన్ని నకిలీదానితో మార్చి ఒకసారి, ఓట్లు నిల్వ ఉండే మెమరీ చిప్‌కు చిన్న పరికరం తగిలించి మరోసారి సంఖ్యలు మార్చవచ్చని నిరూపించారు. రెండింటికీ యంత్రం విప్పి చేతిలో పెట్టుకోవాలి. అప్పటి యంత్రాలకు వీవీప్యాట్ లేదు. ఇప్పటి ఎం3 రకం యంత్రాలను విప్పబోతే పనిచేయకుండా ఆగిపోయే ఏర్పాటు ఉంది, మూడు భాగాలు ఒకదాన్నొకటి గుర్తిస్తేనే నడుస్తాయి. ఆ పరిశోధనను శత్రువుల పనిగా చూడడం అప్పట్లో జరిగిన పొరపాటని నేను భావిస్తాను. 2013 అక్టోబరు 8న కాగితపు చీటీ అవసరమని సుప్రీంకోర్టు చెప్పేదాకా సాగిన చర్చకు అటువంటి పరిశోధనలు బలమిచ్చాయి.

వీవీప్యాట్‌లో గుర్తులు ఎక్కించడానికి ల్యాప్‌టాప్ వాడతారట కదా?

అవును, వాడతారు. అభ్యర్థుల పేర్లు, గుర్తులు ముందుగా ల్యాప్‌టాప్‌లో తయారై సింబల్ లోడింగ్ యూనిట్ అనే చిన్న పరికరంలోకి, అక్కడి నుంచి వీవీప్యాట్‌లోకి వెళ్తాయి. మొత్తం ప్రక్రియలో బయటి కంప్యూటర్ సోకే చోటు ఇదొక్కటే. అందుకే ఆ పనిని అభ్యర్థుల ప్రతినిధుల ఎదుట, పెద్ద తెరపై చూపుతూ చేస్తారు. తరువాత 5 శాతం యంత్రాలపై వెయ్యేసి ఓట్లు వేసి చీటీలతో సరిచూస్తారు. 2024 ఏప్రిల్ 26 నాటి తీర్పులో సుప్రీంకోర్టు ఆ లోడింగ్ యూనిట్లను కూడా సీలు వేసి ఫలితాల తరువాత 45 రోజులు భద్రపరచమని ఆదేశించింది. ఆ రోజు మీ పార్టీ ప్రతినిధి టీ తాగడానికి బయటికి వెళ్ళకుండా చూసుకోండి.

## మూడో దశ: పోలింగ్ రోజు

మాక్ పోల్ అంటారు, అందులో నిజంగా ఏం చేస్తారు?

పోలింగ్ మొదలు కావడానికి గంటన్నర ముందు, అంటే మన దగ్గర ఉదయం ఐదున్నరకు ఏజెంట్ల ఎదుట కనీసం 50 ఓట్లు వేసి చూపడాన్ని మాక్ పోల్ అంటారు. నర్సంపేట వైపు ఒక ఊరి బడిలో నేను చేయించినది ఇప్పటికీ కళ్ళముందే ఉంది. బయట చీకటి వీడలేదు, గదిలో ట్యూబ్‌లైట్ కింద పొద్దుటి చలికి మఫ్లర్లు చుట్టుకుని నలుగురు ఏజెంట్లు కూర్చున్నారు. ఒకాయన తాను ఎవరికి ఎన్ని ఓట్లు నొక్కాడో అరచేతిలో బాల్‌పెన్నుతో గీతలు గీసుకున్నాడు. క్లోజ్ నొక్కాను, రిజల్ట్ నొక్కాను, తెరపై ఒక్కొక్క అభ్యర్థి సంఖ్య వస్తుంటే ఆయన అరచెయ్యి చూసుకుంటూ తల ఊపాడు. ఆ తరువాత వీవీప్యాట్ చీటీలు తీసి లెక్క సరిచూసి, వాటి వెనుక ముద్ర వేసి నల్ల కవరులో పెట్టి సీలు చేశాం. క్లియర్ నొక్కి సున్నా చూపించి, ఆకుపచ్చ కాగితపు సీలు మీద అందరి సంతకాలూ తీసుకున్నాక గాని బయట వరుసలో ఉన్న మొదటి ఓటరును లోపలికి పిలవలేదు.

ఆ అరచేతి గీతలను ఎంత పెద్ద దేశపు గూఢచారి సంస్థ అయినా మార్చలేదు.

నేను ఒక గుర్తుకు వేస్తే చీటీ మీద వేరే గుర్తు కనబడితే?

చీటీ గాజు వెనుక 7 సెకన్లు కనబడి పెట్టెలో పడుతుంది. తేడా కనబడితే అక్కడే ప్రిసైడింగ్ అధికారికి చెప్పండి. రాతపూర్వక ప్రకటన తీసుకుని, ఏజెంట్ల ఎదుట మీ చేత పరీక్ష ఓటు వేయిస్తారు. తేడా నిజమైతే ఆ యంత్రంపై పోలింగ్ ఆపేస్తారు. అబద్ధమని తేలితే శిక్షార్హమైన నేరం. కనుక 7 సెకన్లూ చీటీ చూడండి, ఫోటో కోసం ఫోను మాత్రం తీయవద్దు.

ములుగు అడవి ఊళ్ళలో సిగ్నలే ఉండదు. అక్కడ ఓటు భద్రమేనా?

ఓటు నమోదుకు సిగ్నల్ అక్కర్లేదు కనుక భద్రతకు లోటు లేదు. ఓటరు జాబితా ముద్రించిన ప్రతి, ఓటర్లు సంతకం చేసే 17ఏ రిజిస్టరు రెండూ కాగితాలే. సిగ్నల్ లేనందువల్ల పోలింగ్ శాతం సమాచారం ఆలస్యంగా చేరుతుంది. 2023 శాసనసభ ఎన్నికల్లో ములుగు, భూపాలపల్లి సహా 13 నియోజకవర్గాల్లో సాయంత్రం 4 గంటలకే పోలింగ్ ముగించింది మావోయిస్టుల ముప్పు కారణంగానే తప్ప సైబర్ కారణంతో కాదు.

ఎన్నికల డ్యూటీ గ్రూపులో ఏపీకే ఫైలు వచ్చింది, తెరవచ్చా?

తెరవకూడదు. ఏపీకే అంటే ఫోనులో యాప్‌ను ఎక్కించే ఫైలు. ఒక ఎన్నికలో మా సిబ్బంది గ్రూపులోకి ‘డ్యూటీ ఆర్డర్’ అనే పేరుతో అటువంటి ఫైలు వచ్చింది. మాతో ఉన్న ఒక యువ ఉపాధ్యాయుడు దాన్ని తెరిచాడు. పది నిమిషాల్లో ఆయన పేరుతో అదే ఫైలు మరో మూడు గ్రూపులకు వెళ్ళింది. ఓట్లకు ఏమీ కాలేదు గానీ, పోలింగ్ సామగ్రి తీసుకునే రోజున ఫోను పనిచేయక ఆయన తన బస్సు ఏదో తెలుసుకోవడానికే మధ్యాహ్నం దాకా తిరిగాడు. ఎన్నికల నాడు వందల మంది సిబ్బందిని ఇలా అయోమయంలో పడేయడం కూడా దాడే. ఉత్తర్వు ఏదైనా మండల కార్యాలయం నుంచి కాగితం మీద తీసుకోండి, యాప్‌లు ప్లే స్టోరు నుంచే దించుకోండి.

## నాలుగో దశ: భద్రపరచడం, లెక్కింపు

రాత్రిపూట లారీలో ఈవీఎంలు తరలిస్తున్నారని వీడియో వచ్చింది. ఇదేంటి?

చాలాసార్లు అవి వాడని, రిజర్వులో ఉంచిన యంత్రాలు. ఓట్లు పడిన యంత్రాలను వేరుగా స్ట్రాంగ్ రూములో రెండు తాళాలతో, కేంద్ర బలగాల కాపలాలో, సీసీ కెమెరాల కింద ఉంచుతారు. అభ్యర్థులు తమ సీలు కూడా వేయవచ్చు, తమ మనిషిని బయట కూర్చోబెట్టవచ్చు. వరంగల్‌లో ఎనుమాముల మార్కెట్ యార్డులో లెక్కింపు జరిగినప్పుడు చూసినవారికి ఈ ఏర్పాటు పరిచయమే. వాడని యంత్రాలను కదిలించేటప్పుడు పార్టీలకు ముందే చెప్పకపోతే వదంతికి అధికారులే బీజం వేసినట్లవుతుంది.

ఫలితాల వెబ్‌సైటును హ్యాక్ చేసి ఓడినవాడిని గెలిచినట్లు చూపిస్తే?

తెర మీద చూపవచ్చు, ఎన్నికను మార్చలేరు. 2014 మేలో ఉక్రెయిన్ అధ్యక్ష ఎన్నికల్లో సరిగ్గా ఇదే ప్రయత్నం జరిగింది. ఒక్క శాతం ఓట్లు కూడా రాని అభ్యర్థి 37 శాతంతో గెలిచినట్లు ఎన్నికల సంఘం వెబ్‌సైటులో కనబడేలా వైరస్ పెట్టారు. ఫలితాలు చూపడానికి సుమారు 40 నిమిషాల ముందు దాన్ని గుర్తించి తొలగించారు. అయినా రష్యా ప్రభుత్వ టీవీ ఛానెల్ ఆ రాత్రి అదే తప్పుడు అంకెను ప్రసారం చేసింది. అక్కడి ఓట్లు కాగితం మీద ఉండబట్టి వివాదం నిలవలేదు.

మన దగ్గర పోలింగ్ ముగియగానే ఎన్ని ఓట్లు పడ్డాయో ఫారం 17సీలో రాసి, సంతకం చేసి, ప్రతి ఏజెంటుకూ నకలు ఇవ్వాలి. లెక్కింపు రోజున యంత్రం చూపే మొత్తం ఆ కాగితంతో సరిపోవాలి. గెలుపు నిర్ణయించేది రిటర్నింగ్ అధికారి సంతకం చేసే ఫలితాల పత్రం, వెబ్‌సైటు కేవలం సమాచార ఫలకం. ఊళ్ళో ఒక్క పార్టీ అయినా తన బూత్‌ల 17సీ నకళ్ళన్నీ ఒక ఫైలులో పెట్టుకుంటే వెబ్‌సైటు రోజంతా మొరాయించినా లెక్క చేతిలో ఉంటుంది. చాలామంది ఏజెంట్లు ఆ నకలును జేబులో మడిచి పెట్టుకుని మర్నాటికి పోగొట్టుకోవడం నేను చూశాను.

అన్ని వీవీప్యాట్ చీటీలూ లెక్కిస్తే గొడవే ఉండదు కదా?

ఇప్పుడు ప్రతి శాసనసభ సెగ్మెంటులో లాటరీ తీసిన 5 కేంద్రాల చీటీలను లెక్కిస్తారు. వరంగల్ లోక్‌సభ స్థానంలో 7 సెగ్మెంట్లు ఉన్నాయి కనుక 35 కేంద్రాలవి లెక్కిస్తారు. చీటీకి, యంత్రానికి తేడా వస్తే చీటీదే తుది మాట. నూటికి నూరు శాతం లెక్కించాలన్న వినతిని సుప్రీంకోర్టు 2024లో తిరస్కరించింది, కానీ ఓట్లలో రెండో, మూడో స్థానంలో నిలిచిన అభ్యర్థులు 7 రోజుల్లోగా కోరితే రుసుము తీసుకుని సెగ్మెంటుకు 5 శాతం యంత్రాలను తయారీ సంస్థ ఇంజినీర్ల చేత పరిశీలింపజేయాలని చెప్పింది. జర్మనీ రాజ్యాంగ న్యాయస్థానం 2009లో సామాన్యుడు తానే సరిచూసుకోలేని ఓటింగ్ యంత్రాలు చెల్లవని తీర్పునిచ్చింది. నెదర్లాండ్స్ 2017లో విదేశీ జోక్యం భయంతో లెక్కింపు సాఫ్ట్‌వేరును పక్కన పెట్టి చేతితో లెక్కించింది. నా మటుకు 5 కేంద్రాల సంఖ్యను అన్ని చోట్లా ఒకేలా ఉంచే బదులు, మెజారిటీ తక్కువైన కొద్దీ పెంచడం సబబు.

## చివరి దశ: వదంతులు, ఫిర్యాదులు

మా నాయకుడు ‘పోటీ నుంచి తప్పుకుంటున్నా’ అన్న వీడియో నకిలీదో కాదో ఎలా తెలుసుకోవాలి?

పోలింగ్ ముందురోజు రాత్రి వచ్చే వీడియోను అనుమానించడం మొదటి పని, ఎందుకంటే ఖండించడానికి సమయం లేని వేళనే అటువంటివి వదులుతారు. ఉపసంహరణ గడువు ముగిశాక ఏ అభ్యర్థీ చట్టప్రకారం తప్పుకోలేడు కనుక ఈ వీడియో నిజమైనా యంత్రం మీద పేరు ఉంటుంది. భారత ఎన్నికల్లో చైనా కృత్రిమ మేధతో తయారైన ప్రచారాన్ని ప్రయోగించవచ్చని మైక్రోసాఫ్ట్ 2024 ఏప్రిల్‌లో హెచ్చరించింది. 2024 డిసెంబరు 6న రొమేనియా రాజ్యాంగ న్యాయస్థానం ఇటువంటి ఆన్‌లైన్ జోక్యం ఆరోపణలపై అధ్యక్ష ఎన్నిక మొదటి విడతనే రద్దు చేసింది.

పంచాయతీ ఎన్నికలకు బ్యాలెట్ పేపరే కదా, అప్పుడు సైబర్ భయం లేనట్టేనా?

ఓటుకు సంబంధించి లేదు. జాబితా కంప్యూటర్‌లోనే తయారవుతుంది, వదంతి ఫోనులోనే తిరుగుతుంది కనుక ఆ రెండూ అక్కడా ఉంటాయి.

ఎవరికి ఫిర్యాదు చేయాలి?

ఓటరు జాబితా, పోలింగ్ విషయాలకు 1950కి ఫోన్ చేయండి. నకిలీ లింకు, ఏపీకే ఫైలు, ఫోను హ్యాకింగ్ అయితే 1930కి ఫోన్ చేయాలి లేదా జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో నమోదు చేయాలి. డబ్బు పంపిణీ వంటి నియమావళి ఉల్లంఘనలకు సీ-విజిల్ యాప్ ఉంది. ఫిర్యాదుకు ముందు సందేశాన్ని చెరిపేయవద్దు. పంపినవారి నంబరు, తేదీ, సమయం కనబడేలా స్క్రీన్‌షాట్ తీసి, లింకును తెరవకుండా అలాగే కాపీ చేసి ఇవ్వండి. ‘ఇది నిజమేనా చూడండి’ అంటూ దాన్ని నాకు పంపేవారు మాత్రం దయచేసి పది మంది ఉన్న గ్రూపులో కాకుండా నాకొక్కడికే పంపండి.